మధురవాణి గురించి రాసే ముందు



నాటకంలోని ఒక పాత్ర గురించీ నాటకవస్తువు గురించీ వ్యాసం రాయమన్నప్పుడు, చాలామంది విద్యార్థులు ప్రశ్నలో పాత్ర పేరు కనపడగానే కలం అందుకుంటారు. మొదటి పేజీలో రచయిత పుట్టుపూర్వోత్తరాలు రాస్తారు. రెండో పేజీలో కథ చెప్తారు. మూడో పేజీలో ఆ పాత్రకున్న మంచి గుణాలు, చెడ్డ గుణాలు వరసపెడతారు. చివర నాటకం సమాజానికిచ్చే సందేశం రాసి ముగిస్తారు. రాసినవన్నీ నిజాలే. అయినా ఆ పేజీలు దిద్దే అధ్యాపకులకు, ఈ విద్యార్థి నాటకం చదివి ఏమనుకున్నాడో తెలియదు. పాత్ర ఒక పేజీలో ఆగిపోయింది, వస్తువు ఇంకో పేజీలో మొదలైంది. రెండూ ఎక్కడా కలుసుకోలేదు.

ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి, ఆ చోటును రాయడానికి ముందే ఎలా పట్టుకోవాలి అన్నది ఈరోజు మాట్లాడుకుందాం. ఉత్త సూత్రాలు చెప్పడం కంటే ఒక నాటకాన్ని చేతిలో పెట్టుకుని చెప్తే మేలు. అందుకని మనందరికీ తెలిసిన కన్యాశుల్కం తీసుకుంటున్నాను. ప్రశ్న కూడా పరీక్షల్లో కనపడే తరహాదే. “కన్యాశుల్కంలో మధురవాణి పాత్రచిత్రణ నాటకవస్తువుకు ఎలా తోడ్పడిందో చర్చించండి.” ఇదీ మన ప్రశ్న.

నేను చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. మంచి నాటకంలో ఒక మనిషి తనకు నష్టమని తెలిసి కూడా ఒక నిర్ణయం తీసుకునే ఘట్టం ఉంటుంది. లేదా తన నష్టం తప్పించుకోవడానికి ఇంకొకరిని బలిపెట్టే ఘట్టం ఉంటుంది. నాటకం అసలు దేని గురించో ఆ ఘట్టంలోనే తెలుస్తుంది. ముందుగా ఆ ఘట్టాన్ని వెతుక్కోవాలి. మిగతా నాటకమంతా దానివైపు ఎలా నడిచిందో ఏ క్రమంలో చూపాలో తర్వాత నిర్ణయించుకోవాలి. వ్యాసానికి ప్రణాళిక అంటే ఇంతే.

ముందు ప్రశ్నను చదువుదాం. అందులో మూడు మాటలు బరువైనవి. పాత్రచిత్రణ, వస్తువు, తోడ్పడింది. మొదటి రెండింటినీ అందరూ పట్టించుకుంటారు. మార్కులు మాత్రం మూడోదాని దగ్గర ఉంటాయి. మధురవాణి ఎలాంటిదో చెప్పమని ప్రశ్న అడగడం లేదు. ఆమె అలా ఉండడం వల్ల నాటకం చెప్పదలచుకున్నదానికి ఏమి ఒరిగిందో చెప్పమంటోంది. ఈ తేడా మనసులో నాటుకుంటే, ఏది రాయాలో ఏది వదిలేయాలో సగం తేలిపోతుంది.

ఇక వస్తువు సంగతి. కథ అంటే ఏం జరిగిందో చెప్పేది. జరిగినదాని ద్వారా నాటకం మనుషుల గురించి ఏమంటోంది అన్నది వస్తువు. కన్యాశుల్కం వస్తువేమిటని అడిగితే వెంటనే వచ్చే జవాబు, కన్యాశుల్క దురాచారం అని. అది తప్పు కాదు. అయితే అది విషయం పేరు మాత్రమే. దానిమీద మీ అభిప్రాయం ఇంకా రాలేదు. మీరు రాసుకున్న వాక్యం వస్తువును చెప్తోందా లేదా తెలుసుకోవడానికి ఒక పరీక్ష పెట్టండి. ఆ వాక్యాన్ని బుద్ధిమంతుడైన పాఠకుడెవరైనా కాదనగలడా? కన్యాశుల్కం దురాచారం అంటే ఎవరూ కాదనరు. ఎవరూ కాదనలేని వాక్యం చుట్టూ చర్చ నడపలేం. కాదనడానికి వీలుండి, నాటకంలోంచి సాక్ష్యం చూపి నిలబెట్టగలిగే వాక్యం కావాలి. అలాంటి వాక్యం పుస్తకం తెరవగానే దొరకదు. పాత్రల దగ్గరికి వెళ్లి వెతుక్కోవాలి.

అంతకుముందు చరిత్ర కొంచెం. ఎంత అవసరమో అంతే.

గురజాడ రాసిన కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి రంగం ఎక్కింది. 1897లో పుస్తకంగా వచ్చింది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లను డబ్బు పుచ్చుకుని పెళ్లి చేయడం మామూలుగా జరిగేది. విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజుగారు అలాంటి పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయని గురజాడ తన ఇంగ్లీషు పీఠికలో రాశారు. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలున్నారు, మూడేళ్ల పిల్లలున్నారు, ఏడాది పసికందులు కూడా ఉన్నారు. ముసలివాళ్లకు కట్టబెట్టిన ఆ పిల్లలు ఊహ తెలిసేలోగా విధవలయ్యేవారు. 1909లో గురజాడ నాటకాన్ని చాలావరకు తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. అయిదంకాల నాటకం ఏడంకాలయింది. మొదటి కూర్పులో మధురవాణి పాత్రకు ఇంత విస్తృతి లేదు. ఈరోజు మనం చదివేది, రంగం మీద చూసేది ఆ రెండో కూర్పునే.

ఈ చరిత్రలో మన వ్యాసానికి పనికొచ్చేవి రెండే అంశాలు. ఒకటి, మహారాజుగారు తీయించిన లెక్క. పసిపిల్లలకు వెలకట్టిన రోజులవి అని అది చూపిస్తుంది. రెండోది, పన్నెండేళ్ల తర్వాత రచయిత మధురవాణి పాత్రను పెంచారన్న సంగతి. నాటకం బరువు ఆమె వైపు జరిగిందని చెప్పడానికి అది ఆధారం. గురజాడ ఎప్పుడు పుట్టారు, ఏ ఉద్యోగం చేశారు, ఇంకేమి రాశారు అన్నవన్నీ విలువైన సంగతులే. ఈ ప్రశ్నకు మాత్రం వాటితో పని లేదు. ప్రణాళిక వేసేటప్పుడే వాటిని పక్కన పెట్టే ధైర్యం ఉండాలి.

ఇప్పుడు పాత్ర దగ్గరికి వద్దాం. పాత్రను చూడడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి తన గురించి తాను ఏం చెప్పుకుంటుంది? ఏం చేస్తుంది? ఎవరి దగ్గర ఎలా మాట్లాడుతుంది? మిగతావాళ్లు ఆమె గురించి ఏమంటారు? నాలుగు జవాబులూ ఒక్కలాగే ఉంటే అది చిన్న పాత్ర. ఒకదానితో ఒకటి పొసగకపోతే అది పెద్ద పాత్ర. మీ వ్యాసం ఆ పొసగని చోట మొదలవుతుంది.

గిరీశాన్ని చూడండి. తన గురించి తాను చెప్పుకునేదంతా గొప్పే. తనంత చదువుకున్నవాడు లేడంటాడు, సంఘసంస్కర్తనంటాడు, విధవా వివాహాల గురించి ఉపన్యాసాలు ఇస్తాడు. చేసే పనులు చూస్తే, పూటకూళ్లమ్మ ఇంట్లో తిని, ఆమె డబ్బు వాడుకుని, ఆమె చీపురుకట్ట పట్టుకుని వస్తే మంచం కిందికి దూరతాడు. మాటతీరు ఎదుటి మనిషిని బట్టి మారుతుంది. వెంకటేశం దగ్గర గురువు. అగ్నిహోత్రావధానుల దగ్గర కోర్టు వ్యవహారాల్లో సాయపడగల ఇంగ్లీషు చదువరి. బుచ్చమ్మ దగ్గర పురాణాలు చెప్పే పెద్దమనిషి. సౌజన్యారావు పంతులు దగ్గర ఉద్యమకారుడు. మాటకూ చేతకూ మధ్య ఇంత ఎడం ఉన్న పాత్ర తెలుగు నాటకంలో అరుదు. బొంకులదిబ్బ మీద మొదలైన నాటకం చివరి తెర పడేదాకా ఆ ఎడం చూసి మనం నవ్వుతూనే ఉంటాం.

ఇక మధురవాణి. ఆమెలోనూ ఎడం ఉంది. అయితే అది తిరగబడి ఉంది. గిరీశం మాటల్లో పెద్దవాడు, చేతల్లో చిన్నవాడు. ఆమె మాటల్లో తనను తాను పెంచుకోదు. వేశ్యనని ఒప్పుకుంటుంది, డబ్బు కోసం బతుకుతున్నాననీ దాచదు. ఊళ్లోవాళ్లు ఆమె గురించి తక్కువగానే మాట్లాడతారు. ఆమె చేసే పనులు మాత్రం ఆ మాటలకు అందవు.

ఆ పనుల్లో ముఖ్యమైనవాటిని చిన్న కాగితం ముక్కల మీద ఒక్కొక్కటీ విడిగా రాసుకోండి. ముక్కలెందుకంటే, తర్వాత వాటి వరస మార్చుకోవాలి. ఒకే కాగితం మీద రాస్తే కథ జరిగిన క్రమమే మీ వ్యాసానికి క్రమం అయిపోతుంది.

మొదటి ముక్క. డబ్బు లేని గిరీశాన్ని వదిలి, డబ్బిచ్చే రామప్పంతులు వెంట రామచంద్రపురం అగ్రహారం చేరుతుంది. ఇది ఆమె వృత్తిధర్మం. రెండో ముక్క. కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు అమ్మడానికి అగ్నిహోత్రావధానులు సిద్ధపడతాడు. తల్లి వెంకమ్మ నూతిలో పడుతుంది. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆ కపట కన్యను లుబ్ధావధానులకు అంటగట్టి సుబ్బిని తప్పించాలని పథకం వేస్తాడు. దానికి మధురవాణి సాయపడుతుంది. సుబ్బికీ ఆమెకూ ఏ సంబంధమూ లేదు. మూడో ముక్క. ఆ పెళ్లి కోసం తన కంటె ఇస్తుంది. నాలుగో ముక్క. పెళ్లికూతురు మాయమై లుబ్ధావధానులు హత్యకేసులో చిక్కుకుంటే, మగవేషంలో విశాఖపట్నంలోని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. అయిదో ముక్క. ఆ ముసలివాడిని కాపాడే నిజం చెప్పడానికి ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. వేశ్య ముఖం చూడనని నియమం పెట్టుకున్న పంతులుగారు, ఒక అమాయకుడి ప్రాణం కోసం ఒప్పుకోవలసిన స్థితికి వస్తాడు. ఆ క్షణంలో ఆమె తానే వద్దంటుంది. చెడనివాళ్లను చెడగొట్టవద్దని తల్లి నేర్పిందని చెప్పి, ఇవ్వబోతున్న వెలను తీసుకోకుండానే నిజం చెప్పేస్తుంది.

ఈ అయిదు ముక్కలనూ బల్ల మీద పరిచి చూడండి. మొదట్లో వెల తీసుకుంటూ కనిపించిన మనిషి చివర వెల వదులుకుంది. మొదటి ముక్కకూ అయిదో ముక్కకూ మధ్య ఉన్న దూరమే ఈ పాత్ర చరిత్ర. ఇందాక నేను చెప్పిన ఘట్టం మనకు దొరికింది.

ఇప్పుడు ఆ ఒక్క మాటను, అంటే వెలను పట్టుకుని నాటకమంతా మళ్లీ తిరగండి. అగ్నిహోత్రావధానులు కూతురికి వెలకట్టాడు. పెద్దకూతురు బుచ్చమ్మ విధవై ఇంట్లోనే కళ్లముందు తిరుగుతున్నా, ఆ బేరం ఎలా ముగుస్తుందో అతనికి కనపడలేదు. లుబ్ధావధానులు తక్కువ వెలకు పిల్ల దొరుకుతుందంటే మొదటి సంబంధం వదిలి రెండోదానికి మొగ్గాడు. రామప్పంతులు పెళ్లి కుదర్చడంలోనూ లాభం చూసుకున్నాడు, పెళ్లి వల్ల వచ్చిన చిక్కులోనూ లాభం చూసుకున్నాడు. దొంగసాక్ష్యాలకూ వెల ఉంది. లుబ్ధావధానుల కూతురు మీనాక్షిని పెళ్లాడతానని ఆశపెట్టి, అవసరం తీరాక తరిమేసిన రామప్పంతులు లెక్కలో ఆమె విలువ సున్న. గిరీశానికి బుచ్చమ్మ మీద కలిగిన ప్రేమలో ఆమెకు రాబోయే ఆస్తి ఆలోచన కూడా ఉంది. ఇలా చూస్తే ఈ నాటకంలో కన్యలకు మాత్రమే శుల్కం లేదు. సాక్ష్యానికీ స్నేహానికీ సంస్కారానికీ కూడా ఉంది.

ఇక మన వాక్యం రాసుకోవచ్చు. “మనిషికి వెలకట్టడమే అలవాటైన లోకాన్ని కన్యాశుల్కం చూపిస్తుంది. ఆ లోకంలో వెల పుచ్చుకోవడమే వృత్తిగా ఉన్న మధురవాణి, తనకు దక్కబోయే వెలను తానుగా వదులుకుంటుంది. ఆ వదులుకోవడం వల్లనే మిగతావాళ్ల బేరాలు ఎంత నీచమో మనకు కనపడతాయి.” దీన్ని ఇందాకటి పరీక్షకు పెట్టండి. కాదనడానికి వీలుందా? ఉంది. అసలు నాయకుడు గిరీశమే, మధురవాణి కథను నడిపించే సాధనం మాత్రమే అని ఒకరు అనవచ్చు. కథకు న్యాయం చేసేది సౌజన్యారావు కాబట్టి వస్తువు అతనిలోనే ఉందని మరొకరు అనవచ్చు. నాటకంలోంచి సాక్ష్యం చూపగలమా? అయిదు ముక్కలు చేతిలో ఉన్నాయి. పాత్రా వస్తువూ ఒకే వాక్యంలో చేరాయి. ఇంక దీన్ని వదలకూడదు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. మనకు నచ్చిన వాక్యం దొరకగానే, దానికి సరిపడే సంగతులే కళ్లకు కనపడతాయి. సరిపడనివి పుస్తకంలో ఉన్నా ఉన్నట్టు తోచవు. అందుకని ప్రణాళికలో ఒక పేరాను ఎదురు సాక్ష్యానికి విడిగా కేటాయించాలి. ఇది వ్యాసం బలహీనపడడానికి కాదు, నమ్మదగినది కావడానికి.

మధురవాణి విషయంలో ఎదురు సాక్ష్యం చాలా ఉంది. కపట వివాహం మోసమే. ఆ మోసం వల్లనే లుబ్ధావధానుల మీద హత్యానేరం పడింది. అంటే ఆమె కాపాడిన మనిషిని ఆపదలోకి నెట్టిన చేతుల్లో ఆమె చెయ్యి కూడా ఉంది. రామప్పంతులును నమ్మించి ఆడించడంలో ఆమె ఆనందిస్తుంది కూడా. కంటె తిరిగి రాబట్టుకోవడానికి చేసిన పోరులో పట్టుదల ఉంది, తన సొమ్ము మీద మమకారమూ ఉంది. ఇవన్నీ దాచిపెట్టి ఆమెను దేవతను చేస్తే మీ వ్యాసం పడిపోతుంది, గురజాడ కష్టమూ వృథా అవుతుంది. ఆయన ఆమెను ఆ లోకానికి బయట నిలబెట్టలేదు. అదే సంతలో బతుకుతున్న మనిషిగా, ఆ సంత లెక్కలన్నీ తెలిసిన మనిషిగా చూపారు. బేరం తెలియనివాళ్లు బేరం వదులుకుంటే అందులో విశేషం లేదు. బేరంలో అందరికంటే ఆరితేరిన మనిషి వదులుకుంటేనే అది నిర్ణయమవుతుంది. చూశారా, ఎదురు సాక్ష్యాన్ని నిజాయితీగా ఎదుర్కొంటే మన వాక్యం ఇంకా గట్టిపడింది.

సౌజన్యారావు గురించీ ఆలోచించాలి. అతను డబ్బుకు లొంగడు. కేసు న్యాయమైనదైతే పరాయివాడి కోసం పాటుపడతాడు. మరి వెల వదులుకున్నది మధురవాణి ఒక్కతేనా? ఈ ప్రశ్నకు మీ వ్యాసంలో జవాబు ఉండాలి. నా జవాబు ఇది. సౌజన్యారావు డబ్బుతో వెలకట్టడు, వృత్తితో వెలకడతాడు. వేశ్య అనగానే ఆ మనిషి విలువ అతని మనసులో తేలిపోయింది, ఇక చూడవలసింది లేదు. మగవేషం తీసేసి మధురవాణి అతని ముందు నిలబడడంతో ఆ లెక్క తప్పని తేలింది. భగవద్గీత పుస్తకం చూసి, వేశ్యలంటే కృష్ణుడికి కూడా మీలాగే గిట్టదా అన్న అర్థం వచ్చేలా ఆమె వేసే ప్రశ్న హాస్యానికి పెట్టింది కాదు. సంస్కర్తలోని లోపాన్ని ఆమె గౌరవంగా ఎత్తిచూపింది. 1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించిన నాటి నుంచి సంస్కరణ మన సమాజంలో నడుస్తూనే ఉంది. సంస్కరణ అవసరమని నమ్మిన గురజాడ, సంస్కర్త కూడా నేర్చుకోవలసినది ఉందని ఈ సన్నివేశంలో చెప్పారు. అందువల్ల మీ వ్యాసంలో సౌజన్యారావుకు మధురవాణి పక్కన ఒక పేరా దక్కాలి.

ఇప్పుడు పేరాల క్రమం చూద్దాం. మీ దగ్గర కాగితం ఉంటే రాసుకోండి.

మొదటి పేరా, మన వాక్యం. దానికి ముందు మహారాజుగారి లెక్క ఒక్క వాక్యంలో చెప్పి, పసిపిల్లలకు వెలకట్టిన ఆ రోజుల నుంచి నేరుగా మధురవాణి దగ్గరికి రావచ్చు. రెండో పేరా, నాటకంలో ఎవరెవరు దేనికి వెలకట్టారో చూపేది. ఇక్కడ అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు, రామప్పంతులు వస్తారు. ముగ్గురికీ మూడు వాక్యాలు చాలు. మూడో పేరా గిరీశం. మాటల్లో సంస్కారం, చేతల్లో బేరం. మధురవాణికి ఎదురుగా అతన్ని నిలబెట్టడం ఇక్కడి పని. నాలుగో పేరా, ఎదురు సాక్ష్యం. మధురవాణి చేసిన మోసాలు, ఆమె లౌక్యం. అయిదో పేరా, ఆమె సుబ్బి కోసం పడిన పాటు నుంచి విశాఖపట్నం సన్నివేశం దాకా. ఇది అన్నిటికంటే పెద్దదిగా ఉండాలి. వ్యాసం బరువంతా ఇక్కడే పడాలి. ఆరో పేరా సౌజన్యారావు, అతనిలో వచ్చిన మార్పు. ఏడోది ముగింపు.

ఈ క్రమం నాటకంలోని అంకాల క్రమం కాదని గమనించండి. ఎదురు సాక్ష్యాన్ని ఆమె గొప్ప నిర్ణయానికి ముందు పెట్టాం. తర్వాత పెడితే, కట్టిన గోడను మనమే తోసినట్టవుతుంది. ముందు పెడితే, ఇన్ని లోపాలున్న మనిషి ఇంత పెద్ద పని ఎలా చేసింది అన్న ఆసక్తి పాఠకుడిలో పుడుతుంది. ప్రతి పేరా రాయబోయే ముందు దాని పక్కన ఒక చిన్న ప్రశ్న రాసుకోండి. ఇది మన వాక్యానికి ఏమి చేర్చింది? జవాబు రాకపోతే ఆ పేరా కొట్టేయండి, ఎంత బాగా తెలిసిన సంగతైనా సరే. సారా దుకాణంలో బైరాగి సన్నివేశం, పేకాట సన్నివేశం ఎంతో అందంగా ఉంటాయి. ఈ ప్రశ్నకు వాటి అవసరం అంతగా లేదు. అందుకే వాటికి మన ప్రణాళికలో చోటు ఇవ్వలేదు.

సాక్ష్యం గురించి మరొక్క మాట. మనం రాస్తున్నది నవల గురించి కాదు, నాటకం గురించి. నాటకంలో పాత్ర మాటల్లోనే కాదు, రంగం మీద ఎక్కడ నిలబడిందో, ఏ వేషంలో ఉందో, చేతిలో ఏముందో వాటిలో కూడా ఉంటుంది. మంచం కింద దాక్కున్న గిరీశం, చీపురుకట్ట పట్టిన పూటకూళ్లమ్మ, మగవేషంలో వచ్చిన మధురవాణి, ఆడవేషంలో ఉన్న శిష్యుడు. ఇవన్నీ ప్రేక్షకుడు కళ్లతో చూసే సాక్ష్యాలు. శిష్యుడు వేషం వేసుకుంది ఒకరిని నమ్మించి మోసం చేయడానికి. మధురవాణి వేషం వేసుకుంది ఒకరికి నిజం చెప్పడానికి. ఈ రెండు వేషాలనూ పక్కపక్కన పెట్టి రెండు వాక్యాలు రాస్తే, మీరు నాటకాన్ని నాటకంగా చదివారని దిద్దేవారికి తెలుస్తుంది. సంభాషణలు ఉదహరించేటప్పుడు నోటికి వచ్చిన ప్రసిద్ధ వాక్యాలన్నీ పెట్టకండి. పాత్ర నిర్ణయాన్ని చూపే చిన్న మాట ఒకటి చాలు. అది ఎవరితో, ఏ సందర్భంలో అన్నదో మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇంకో జాగ్రత్త. 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వంలో వచ్చిన కన్యాశుల్కం సినిమా మనలో చాలామంది చూశాం. గిరీశంగా ఎన్.టి. రామారావుగారిని, మధురవాణిగా సావిత్రిగారిని తలచుకోకుండా ఈ నాటకం చదవడమే కష్టం. సినిమాకు దాని అవసరాలు ఉంటాయి. వ్యాసానికి కూర్చునే ముందు నాటకం చివరి అంకం పుస్తకంలోనే మరోసారి చదవండి. మీరు చెప్పబోయే సంగతి గురజాడ రాసిందో, తెర మీద చూసిందో తేల్చుకోండి.

పరీక్షలో ఇంత తీరిక ఎక్కడుంటుంది అనుకుంటున్నారేమో. ప్రశ్నకు ముప్పావుగంట ఉంటే పది నిమిషాలు ప్రణాళికకు ఇవ్వండి. చుట్టూ అందరూ రాసేస్తుంటే మీ కలం ఆగి ఉండడం భయంగానే ఉంటుంది. ఆ పది నిమిషాల్లో మీరు రాసుకోవలసినవి, పాత్ర నిర్ణయం తీసుకున్న ఘట్టం, మీ ప్రధాన వాక్యం, నాలుగైదు సాక్ష్యాలు, ఒక ఎదురు సాక్ష్యం, పేరాల వరస. ఇవి ఉంటే మిగతా సమయంలో కలం ఆగదు. తర్వాత ఏం రాయాలా అని పైకప్పు చూడవలసిన పని ఉండదు. ఇంటి దగ్గర రాసే వ్యాసానికైతే రెండు రోజులు తీసుకోండి. మొదటి రోజు ముక్కలు రాసుకుని వదిలేయండి. రెండో రోజు వాటిని చూసినప్పుడు, నిన్న గొప్పగా తోచిన సంగతుల్లో కొన్ని వాటంతటవే తేలిపోతాయి.

ముగింపు పేరా గురించి చెప్పాలి. చాలా వ్యాసాల్లో ముగింపంటే పైన రాసిన వాక్యాలను తిరిగి రాయడమే. అలా చేయకండి. ముగింపులో ఒక అడుగు ముందుకు వేయాలి. మన వ్యాసంలో ఆ అడుగు ఏమిటి? నాటకం చివర సుబ్బి పెళ్లి బేరం తప్పింది. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి, అంటే చదువు దగ్గరికి పంపాలని నిశ్చయమైంది. గిరీశం ఎత్తుగడలు పారలేదు. ఇద్దరు అక్కచెల్లెళ్లు బేరం నుంచి బయటపడ్డారు. ఆ ఇద్దరి విడుదలలోనూ మధురవాణి చెయ్యి ఉంది. సుబ్బి విషయంలో ఆమె సాయం సూటిగానే ఉంది. బుచ్చమ్మ విషయంలో గిరీశం అసలు రంగు ఆమె ద్వారా సౌజన్యారావుకు తెలియడం వల్ల ఆ మేలు జరిగింది. మరి మధురవాణికి ఏమి దక్కింది? ఒక పెద్దమనిషి గౌరవం, చేతిలో ఒక పుస్తకం. ఇల్లూ పెళ్లీ పేరూ నాటకం ఆమెకు ఇవ్వలేదు. ఇతరులను విడిపించిన మనిషికి ఆ సమాజం దారి చూపలేకపోయింది. ఇది నాటకం లోపమా, ఆ కాలం మీద గురజాడ చెప్పిన తీర్పా? ఈ ప్రశ్నను మీ ముగింపులో ధైర్యంగా ఎత్తండి, మీ జవాబు చెప్పండి. తీర్పేనని నా నమ్మకం. రాతల్లో ఇంత నిజాయితీ చూపిన రచయిత, ఆమెకు కథలో మాత్రమే దొరికే సుఖాంతం కల్పించి మనల్ని ఊరడించదలచుకోలేదు.

ఇదే పద్ధతిని ఇంకో నాటకం మీద మీరు స్వయంగా ప్రయత్నించండి. కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయం తీసుకోండి. అక్కడ వెల పెళ్లికొడుక్కి. ఒకే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు. కట్నమిచ్చి కొన్న మొగుడు తనకు వద్దని కాళింది నూతిలో దూకి ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల అదే వరుణ్ణి పెళ్లాడి, మేము డబ్బిచ్చి కొనుక్కున్నాం కాబట్టి అతనే మా ఇంటికి రావాలి అని అత్తవారిని న్యాయస్థానం దాకా తెస్తుంది. ఒకే అన్యాయానికి రెండు జవాబులు. ఎవరి నిర్ణయంలో నాటకవస్తువు బయటపడింది? రెండిట్లోనూ అంటారా? అలాగైతే ఏ వాక్యం ఆ రెండిటినీ కలుపుతుంది? ఎదురు సాక్ష్యం ఏమిటి? నాలుగు ప్రశ్నలు వేసుకుని, కాగితం ముక్కలు పరచుకుని కూర్చోండి.

ఇదంతా మార్కుల కోసమేనా అంటే, మార్కులూ వస్తాయి. నాకు మాత్రం ఇందులో అంతకంటే పెద్ద సంగతి కనపడుతుంది. ఒక మనిషి గురించి విన్నదాన్ని పక్కన పెట్టి ఆ మనిషి చేసినదాన్ని చూడడం, మన అభిప్రాయానికి సరిపడని సంగతులను కూడా లెక్కలోకి తీసుకోవడం, అప్పుడు తీర్పు చెప్పి దానికి బాధ్యత వహించడం. వ్యాస ప్రణాళిక మనకు నేర్పేది ఇదే. వేశ్య అన్న ఒక్క మాటతో మధురవాణిని కొట్టిపారేసిన లోకానికి ఆ అలవాటు లేకపోయింది. మీకు ఉండాలని, మీ తరానికి ఉండాలని కోరుకుంటున్నాను.